అమ్మకందారు ప్లాన్ ఎంచుకునే ముందు వేయవలసిన లెక్క

అంతర్జాలంలో డిజిటల్ వస్తువులు అమ్ముకోవాలని ఏదో ఒక వేదికలో ఖాతా తెరిచిన వారికి తొలి రోజుల్లోనే ఒక ధరల పట్టిక ఎదురవుతుంది. అందులో సాధారణంగా మూడు గడులుంటాయి. మొదటి గడిలో నెలసరి రుసుము ఉండదు, కానీ ప్రతి అమ్మకం మీద కొంత శాతం కోత ఉంటుంది. రెండవ గడిలో ఒక మోస్తరు రుసుము, దానితో పాటు తగ్గించిన కోత ఉంటాయి. మూడవ గడిలో పెద్ద రుసుము ఉంటుంది కానీ కోత అసలు ఉండదు. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల కోసం అక్షరాల, గుణింతాల అభ్యాస పత్రాలను తయారుచేసి పీడీఎఫ్‌లుగా అమ్ముతున్న నాకు, ఇదే దారిలోకి కొత్తగా వస్తున్న మిత్రుల నుండి తరచుగా వచ్చే ప్రశ్న ఈ మూడింటిలో దేన్ని తీసుకోవాలన్నదే. ఒక్క మాటలో జవాబు చెప్పడం కంటే, లెక్క ఎలా వేసుకోవాలో చూపించడమే వారికి నిజంగా ఉపయోగపడుతుందని నమ్మి ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు పేహిప్‌ను తీసుకుందాం. ఇది బ్రిటన్ కేంద్రంగా నడిచే వేదిక. ఈ-పుస్తకాలు, డిజైన్ టెంప్లేట్లు, కోర్సులు, సభ్యత్వాలు అమ్ముకోవడానికి వీలు కల్పిస్తుంది. దీని ఉచిత ప్లాన్‌లో ప్రతి అమ్మకం మీద 5 శాతం కోత ఉంటుంది. ప్లస్ ప్లాన్‌కు నెలకు 29 డాలర్లు చెల్లిస్తే కోత 2 శాతానికి తగ్గుతుంది. ప్రో ప్లాన్‌కు నెలకు 99 డాలర్లు చెల్లిస్తే కోత ఉండదు. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, మూడు ప్లాన్లలోనూ సౌకర్యాలన్నీ ఒక్కటే. ఎన్ని వస్తువులనైనా పెట్టుకోవచ్చు, ఎంతైనా అమ్ముకోవచ్చు. అంటే పై ప్లాన్‌కు వెళ్లినవారికి కొత్తగా వచ్చే పనిముట్లు ఏవీ లేవు, మారేది వేదికకు చెల్లించే పద్ధతి మాత్రమే. చాలా వేదికలు ముఖ్యమైన సౌకర్యాలను పై ప్లాన్లలో దాచిపెట్టి, లెక్కను సౌకర్యాలతో కలిపి తికమక చేస్తాయి కనుక, ఈ విషయంలో పేహిప్ పట్టిక నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. ఒక విద్యార్థికి ఈ లెక్క నేర్పాలంటే నేను ఈ పట్టికతోనే మొదలుపెడతాను.

పల్లెలో పొలం ఇచ్చి పుచ్చుకునే వారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. పంటలో ఇంత వాటా అని ఒప్పుకుంటే, పంట పోయిన ఏడాది రైతుతో పాటు భూస్వామి కూడా నష్టాన్ని పంచుకుంటాడు. ఎకరానికి ఇంత కౌలు అని ఒప్పుకుంటే, వాన కురిసినా కురవకపోయినా రైతు ఆ మొత్తం కట్టి తీరవలసిందే, కానీ పంట విరగకాస్తే మిగులంతా అతనిదే. శాతం మీద నడిచే ప్లాన్ మొదటి పద్ధతి, నెలసరి రుసుము మీద నడిచే ప్లాన్ రెండవది. కాబట్టి ప్లాన్ ఎంపికలో ముందుగా చూసుకోవలసింది, అమ్మకాలు లేని నెలల భారాన్ని ఎవరు మోయాలన్న సంగతి.

ఇక అంకెల్లోకి వస్తే, ఉచిత ప్లాన్‌కూ ప్లస్‌కూ మధ్య తేడా 3 శాతం. 29 డాలర్ల రుసుము ఆ 3 శాతంతో పూడాలంటే నెలకు దాదాపు 967 డాలర్ల అమ్మకాలు ఉండాలి. అంతకంటే తక్కువ అమ్మేవారికి ఉచిత ప్లానే చౌక. ప్లస్ నుండి ప్రోకు మారడానికి అదనంగా 70 డాలర్లు పెట్టాలి, దానివల్ల మిగిలేది 2 శాతం. కనుక ఆ మార్పు నెలకు 3,500 డాలర్లు దాటిన తరువాతే గిట్టుబాటవుతుంది. కొందరు ఉచిత ప్లాన్‌ను నేరుగా ప్రోతో పోల్చి, 1,980 డాలర్లు దాటితే ప్రో మేలని చెప్పుకుంటారు. లెక్కగా అది తప్పు కాకపోయినా, 2,000 డాలర్లు అమ్మే వ్యక్తికి ప్లస్‌లో మొత్తం ఖర్చు 69 డాలర్లే అయినప్పుడు 99 డాలర్ల ప్రోను ఎంచుకోవడంలో అర్థం లేదు. మధ్య గడిని వదిలేసి రెండు చివరలను పోల్చకూడదు.

ప్లాన్ మార్చడం గిట్టుబాటయ్యే ఈ గీతలు భారతదేశంలో ఉన్న అమ్మకందారుకు కొంచెం జరుగుతాయి. నెలసరి రుసుమును మన బ్యాంకు కార్డుతో డాలర్లలో చెల్లిస్తే, చాలా బ్యాంకులు విదేశీ లావాదేవీ రుసుముగా 3.5 శాతం వరకు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. అప్పుడు 29 డాలర్లు నిజానికి 30 డాలర్లు దాటుతుంది, గీత కూడా 967 నుండి దాదాపు 1,000 డాలర్లకు జరుగుతుంది; ప్రోకు మారవలసిన గీత 3,500 నుండి సుమారు 3,650కి చేరుతుంది. ఇది కాక, కార్డు నుండి ప్రతినెలా దానంతట అదే డబ్బు పోయే ఏర్పాట్ల మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నాయి. 2022 జూన్‌లో పెంచిన పరిమితి ప్రకారం 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ అక్కరలేదు కానీ, ఆ ఏర్పాటును మొదట నమోదు చేయడం తప్పనిసరి. విదేశీ వేదికలన్నీ ఈ పద్ధతికి సిద్ధంగా ఉండవు కనుక, రుసుము పడక ప్లాన్ మధ్యలో ఆగిపోయే అవకాశాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి. శాతం మీద నడిచే ప్లాన్‌లో కోత అమ్మకం సొమ్ములోనే జరుగుతుంది కాబట్టి ఈ చిక్కు ఉండదు.

నెలకు ఇంత అని సగటు కట్టి ప్లాన్ తీసుకోవడం చాలామంది చేసే పని. అభ్యాస పత్రాల వంటి వస్తువులకు ఆ సగటు దారి తప్పిస్తుంది. అమెరికాలో బడులు తెరిచే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, మనబడి వంటి తెలుగు నేర్పే తరగతుల్లో పిల్లలను చేర్పించే వేళ, తల్లిదండ్రులు ఎక్కువగా కొంటారు. సెలవుల ముందు కొంత కదలిక ఉంటుంది. మిగతా నెలలు నెమ్మదిగా సాగుతాయి. పంచాంగ క్యాలెండర్లు చేసేవారికి ఉగాదికి ముందు, రోజువారీ ప్లానర్లు చేసేవారికి డిసెంబరు, జనవరిలో ఇదే పరిస్థితి. ఒక అమ్మకందారుకు ఏడాదిలో 9 నెలలు 500 డాలర్ల చొప్పున, 3 నెలలు 3,000 డాలర్ల చొప్పున అమ్మకాలు జరిగాయనుకుందాం. ఏడాది మొత్తం 13,500, నెల సగటు 1,125. సగటును చూస్తే ప్లస్ తీసుకోవలసిందే అనిపిస్తుంది. ఏడాదంతా ప్లస్‌లో ఉంటే ఖర్చు 618 డాలర్లు, ఏడాదంతా ఉచిత ప్లాన్‌లో ఉంటే 675. కానీ 9 నెలలు ఉచిత ప్లాన్‌లో ఉండి, అమ్మకాలు జోరుగా ఉండే 3 నెలలు మాత్రమే ప్లస్‌కు మారితే అయ్యే ఖర్చు 492 డాలర్లు. బ్యాంకు రుసుములను పక్కన పెట్టి వేసిన ఈ లెక్కలో, సగటు ఏ ప్లాన్‌ను చూపించిందో అది ఏడాదిలో ముప్పావు భాగానికి తగనిదే. నెలనెలా ప్లాన్ మార్చుకునే స్వేచ్ఛ ఉన్న వేదికను నేను ఇష్టపడడానికి ముఖ్య కారణం ఇదే.

అలాగని ఈ మార్పిడి అందరికీ లాభమని అనడం లేదు. 10 నెలలు 400 డాలర్ల చొప్పున, 2 నెలలు 1,500 చొప్పున అమ్మే వ్యక్తికి ఏడాదంతా ఉచిత ప్లాన్‌లో ఉంటే 350 డాలర్లు, రెండు నెలలు ప్లస్‌కు మారితే 318 డాలర్లు ఖర్చవుతుంది. ఏడాదికి 32 డాలర్ల కోసం తేదీలు గుర్తుపెట్టుకుని ప్లాన్‌లు మార్చడం కంటే, ఆ సమయంలో ఇంకొక మంచి అభ్యాస పత్రం తయారుచేయడం మేలని నేను అనుకుంటాను.

ఇంతవరకు చెప్పినదంతా వేదిక తీసుకునే కోత గురించి. అసలు పెద్ద కోత చాలామంది చూడని చోట, అంటే డబ్బు చేతులు మారే దారిలో ఉంది. పేహిప్‌లో కొనుగోలుదారు చెల్లించే సొమ్ము పేపాల్ లేదా స్ట్రైప్ అనే చెల్లింపు సంస్థల ద్వారా వస్తుంది, వాటి రుసుము వేదిక కోతకు అదనం. స్ట్రైప్ ప్రస్తుతం భారతదేశంలో ఆహ్వానం అందిన వ్యాపారాలకే ఖాతాలు ఇస్తోంది కనుక కొత్తవారికి మిగిలేది ఎక్కువగా పేపాలే. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో దేశీయ చెల్లింపులను ఆపివేసింది, కాబట్టి దాని ద్వారా విదేశీ కొనుగోలుదారుల సొమ్ము మాత్రమే వస్తుంది. విదేశీ చెల్లింపుల మీద అది సుమారు 4.4 శాతంతో పాటు ప్రతి లావాదేవీకి 30 సెంట్లు తీసుకుంటుంది. డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు మారకపు రేటులో మరికొంత పోతుంది.

ఆ 30 సెంట్ల దగ్గర కాసేపు ఆగాలని కోరుతున్నాను. 3 డాలర్లకు ఒక అభ్యాస పత్రాన్ని అమ్మితే పేపాల్ కోత 43 సెంట్లు, అంటే ధరలో 14 శాతం పైనే. ఉచిత ప్లాన్‌లో వేదిక కోత 15 సెంట్లు మాత్రమే. వేదిక వాటాను తప్పించుకోవడానికి నెలకు 99 డాలర్లు పెట్టి ప్రోకు వెళ్లినా, ఆ 14 శాతం ఎక్కడికీ పోదు. అదే వ్యక్తి ఐదు పత్రాలను కలిపి ఒక కట్టగా 15 డాలర్లకు అమ్మితే, ఉచిత ప్లాన్‌లోనే ఉన్నా వేదిక కోత 75 సెంట్లు, పేపాల్ కోత 96 సెంట్లు, మొత్తం 1 డాలరు 71 సెంట్లు, అంటే సుమారు 11.4 శాతం. ప్రో ప్లాన్‌లో విడిగా అమ్మిన 3 డాలర్ల పత్రం కంటే ఉచిత ప్లాన్‌లో కట్టగా అమ్మిన పత్రాల మీద పోయేది తక్కువన్నమాట. ప్లాన్ మార్చాలా వద్దా అని అడిగే వారిని నేను మొదట వారి వస్తువుల సగటు ధర ఎంతో అడగడానికి కారణం ఇది. ధర 5 డాలర్ల లోపు ఉంటే, ప్లాన్ గురించి ఆలోచించే ముందు వస్తువులను కట్టలుగా కూర్చడం గురించి ఆలోచించాలి. గుణింతాల పత్రాలు విడిగా, ఒత్తుల పత్రాలు విడిగా అమ్మడం కంటే, ఒక తరగతి పిల్లవాడికి ఏడాదికి సరిపడేలా కూర్చిన సంపుటి తల్లిదండ్రులకు కూడా ఎక్కువ ఉపయోగకరం. ప్రతి వారం మళ్లీ వెతుక్కునే పని వారికి తప్పుతుంది.

ప్లాన్ల పట్టికే లేని వేదికలు కూడా ఉన్నాయి. గమ్‌రోడ్ 2023 జనవరి నుండి అందరికీ ఒకే రేటుగా 10 శాతం కోత పెట్టింది. దానికి ఇప్పుడు ప్రతి అమ్మకానికి 50 సెంట్లు కూడా చేరాయి. దాని సొంత విపణి అయిన డిస్కవర్ ద్వారా కొనుగోలుదారు వస్తే కోత 30 శాతం. 3 డాలర్ల వస్తువుకు నేరుగా జరిగిన అమ్మకంలోనే 80 సెంట్లు పోవడం భారమే. అయితే దానికి బదులుగా 2025 జనవరి నుండి గమ్‌రోడ్ తానే అధికారిక అమ్మకందారుగా నిలబడి, వివిధ దేశాల అమ్మకపు పన్నులు వసూలు చేసి కట్టే బాధ్యతను తీసుకుంది. యూరోపియన్ యూనియన్‌లో 2015 జనవరి నుండి డిజిటల్ సేవల మీద కొనుగోలుదారు ఉన్న దేశపు రేటు ప్రకారం వ్యాట్ కట్టాలి. ఒంటరిగా పనిచేసే అమ్మకందారు ఇన్ని దేశాల రేట్లను చూసుకోవడం సాధ్యం కాదు. పేహిప్ కూడా యూరోపియన్ యూనియన్, బ్రిటన్‌ల వ్యాట్‌ను తన మీద వేసుకుంటుంది. కాబట్టి ఏ వేదికలో ఏ పన్ను బాధ్యత ఎవరిదో తెలుసుకోకుండా శాతాలను మాత్రమే పోల్చడం సగం పోలికే అవుతుంది.

ఆన్‌లైన్ విపణి అయిన ఎట్సీ పద్ధతి మరొకటి. అక్కడ ప్రతి వస్తువును జాబితాలో పెట్టడానికి 20 సెంట్లు, అది నాలుగు నెలలు నిలుస్తుంది. అమ్మకం మీద 6.5 శాతం. 2022 ఏప్రిల్ 11న ఈ రేటును 5 నుండి 6.5కు పెంచినప్పుడు చాలామంది అమ్మకందారులు నిరసనగా వారం రోజులు తమ దుకాణాలను మూసి ఉంచారు. నెలకు 10 డాలర్ల ఎట్సీ ప్లస్ అనే చందా ఉంది కానీ, అది ఆ 6.5 శాతాన్ని తగ్గించదు. దానితో వచ్చేవి 15 లిస్టింగ్‌లకు సరిపడే క్రెడిట్, 5 డాలర్ల ప్రకటనల క్రెడిట్, దుకాణం రూపాన్ని మార్చుకునే కొన్ని వసతులు. 15 లిస్టింగ్‌ల విలువ 3 డాలర్లు, ప్రకటనలు 5 డాలర్లు. అన్నీ వాడుకున్నా 8 డాలర్ల సరుకు 10 డాలర్లకు వస్తుంది. ప్రతినెలా కొత్త వస్తువులను చేర్చుతూ, ఎలాగూ ప్రకటనలకు డబ్బు పెట్టేవారికి తప్ప మిగతావారికి అది అవసరం లేదన్నది నా గట్టి అభిప్రాయం. అయితే ఎట్సీలో వెతుక్కుంటూ వచ్చే కొనుగోలుదారులు ముందే ఉన్నారు. పేహిప్‌లో దుకాణం తెరిస్తే ఆ లింకును వాట్సాప్ బృందాల్లో, తల్లిదండ్రుల సంఘాల్లో, యూట్యూబ్‌లో చేర్చవలసిన పని మనదే. తన పాఠకులను, ప్రేక్షకులను ఇప్పటికే సంపాదించుకున్నవారు తక్కువ కోత ఉన్న వేదికకు వెళ్లాలి. ఇంకా ఎవరికీ తెలియనివారు కొంత ఎక్కువ ఇచ్చినా జనం ఉన్న చోటికి వెళ్లాలి. తెలుగు అభ్యాస పత్రాల వంటి చిన్న విపణిలో తల్లిదండ్రులు ఒకరి నుండి ఒకరు విని కొనడమే ఎక్కువ కనుక, నా మొగ్గు మొదటి పక్షానికే.

నెలసరి ధర కంటే తక్కువకు వస్తుందని ఏడాది చందా ఒకేసారి కట్టమని చెప్పే వేదికలు ఎక్కువ. కనీసం ఒక పూర్తి ఏడాది అమ్మకాల చిట్టా చేతిలో లేని వారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. వేదికలు తమ రేట్లను మార్చుకుంటాయని గమ్‌రోడ్, ఎట్సీ ఉదాహరణలే చెబుతున్నాయి. మారిన రోజున బయటికి నడిచే వీలు మన చేతిలో ఉండాలి. కొనుగోలుదారుల ఈమెయిల్ జాబితాను, వారి అనుమతితో, వేదిక నుండి ఎప్పటికప్పుడు దించి దాచుకోవడం కూడా ఇందుకే అవసరం.

పన్నుల విషయంలో క్లుప్తంగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సేవలు అందించేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షల రూపాయలు. విదేశీ కొనుగోలుదారులకు చేసిన అమ్మకం నిబంధనలకు లోబడి సేవల ఎగుమతి అయితే దాని మీద పన్ను రేటు సున్నా. మీ అమ్మకం ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో ఆడిటర్‌ను అడిగి తెలుసుకోవాలి. వేదిక కోతలు, పేపాల్ కోతలు, ప్లాన్ రుసుములు అన్నీ వ్యాపార ఖర్చులే కనుక వాటి బిల్లులను నెలవారీగా దించుకుని పెట్టుకుంటే, రిటర్ను వేసేటప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇంత చెప్పినా, మొదటి నెలలోనే పెద్ద ప్లాన్ తీసుకోవడం సరైన నిర్ణయం అయ్యే సందర్భం ఒకటుంది. ఏళ్ల తరబడి యూట్యూబ్‌లో కర్ణాటక సంగీతమో, వీణో నేర్పుతూ శ్రోతలను సంపాదించుకున్న గురువు ఒకరు, 100 డాలర్ల కోర్సును ఒక నెలలో విడుదల చేస్తున్నారనుకుందాం. 60 మంది చేరితే అమ్మకం 6,000 డాలర్లు. ఉచిత ప్లాన్‌లో వేదిక కోత 300 డాలర్లు, ప్లస్‌లో మొత్తం 149, ప్రోలో 99. కార్డు మీద బ్యాంకు రుసుమును కలిపినా ప్రో 103 డాలర్లు దాటి కొంచెమే. ఇలాంటి వారు విడుదలకు ముందు రోజు ప్రోకు మారడమే సరైన పని. వస్తువు ధర పెద్దది, కొనేవారు ఎవరో ముందే తెలుసు, అమ్మకాలన్నీ కొద్ది రోజుల్లో జరిగిపోతాయి. ఆ తరువాత కొత్తగా చేరేవారు నెలకు 9 మందికి తగ్గితే ఉచిత ప్లానే చాలు, 10 నుండి 35 మంది మధ్య ఉంటే ప్లస్ సరిపోతుంది. వాయిదాల్లో చెల్లించే సదుపాయం ఇచ్చి ఉంటే మాత్రం తరువాతి నెలల వాయిదాల మీద కూడా అప్పటి ప్లాన్ ప్రకారమే కోత పడుతుందని గుర్తుంచుకుని, కింది ప్లాన్‌కు దిగే నెలను నిర్ణయించుకోవాలి. రుసుము మళ్లీ పడే తేదీ ఖాతాలోని బిల్లింగ్ పేజీలో ఉంటుంది. మార్పును ఆ తేదీకి ఒకటి రెండు రోజుల ముందే చేసుకోవాలి.